డబ్ల్యూఎస్‌డీఎల్ ఇచ్చారు, ఎక్స్‌ఎస్‌డీలు ఇవ్వలేదు: క్లయింట్ బిల్డ్ అవ్వట్లేదు

బీమా_బ్యాకెండ్
మేం వేరే కంపెనీ వాళ్ళ పాలసీ సర్వీసును పిలవాలి. వాళ్ళు మెయిల్‌లో ఒకే ఒక్క డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసును ఎలా పిలవాలో చెప్పే ఎక్స్‌ఎమ్‌ఎల్) ఫైలు పంపి "ఇందులో అన్నీ ఉన్నాయి" అన్నారు. తెరిచి చూస్తే టైప్స్ దగ్గర రెండు ఇంపోర్ట్‌లున్నాయి, అంటే డేటా టైపులను వివరించే ఎక్స్‌ఎస్‌డీ (స్కీమా) ఫైళ్ళను బయటినుంచి తెచ్చుకునే లైన్లు. ఒకదాని స్కీమాలొకేషన్ (ఫైలు ఎక్కడుందో చెప్పేది) "../../కామన్/వీ3/కామన్‌టైప్స్.ఎక్స్‌ఎస్‌డీ". రెండోదానికి వాళ్ళ లోపలి సర్వర్ పేరు, 8080 పోర్టుతో ఒక హెచ్‌టీటీపీ అడ్రస్, చివర "?ఎక్స్‌ఎస్‌డీ=2" అని ఉంది. ఈ రెండు ఫైళ్ళూ నా దగ్గర లేవు.

జావా 8, డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ (డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి జావా క్లయింట్ కోడ్ తయారుచేసే టూల్). ముందు "ఫెయిల్డ్ టు రీడ్ స్కీమా డాక్యుమెంట్" అని వార్నింగ్ వస్తోంది, ఆ తర్వాత పేజీల కొద్దీ "ఎస్‌ఆర్‌సీ-రిజాల్వ్: కెనాట్ రిజాల్వ్ ది నేమ్ సీటీ:పార్టీటైప్" లాంటి ఎర్రర్లు. మా లాప్‌టాప్‌ల నుంచి వాళ్ళ సర్వర్ కనపడదు, యూఏటీ (టెస్టింగ్) మెషీన్ నుంచి మాత్రమే వీపీఎన్ ఉంది. అడిగితే "మాకు పనిచేస్తోంది కదా" అంటున్నారు. టీమ్‌లో ఒకాయన ఆ ఇంపోర్ట్ లైన్లు తీసేసి నడపమంటున్నాడు. నడుస్తుందా? శుక్రవారం డెమో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

పాతకాపు
తీసేస్తే నడవదు. సీటీ:పార్టీటైప్ అన్న పేరును మిగతా ఫైలంతా వాడుతోంది, ఆ టైపు ఎక్కడా లేదు. ఇప్పుడొచ్చే వార్నింగ్ ఒక్కటీ పోతుంది, ఎర్రర్లన్నీ అలాగే ఉంటాయి.

సోప్_సుబ్బు
శుభలేఖ పంపి కల్యాణ మండపం అడ్రస్ రాయనట్టుంది వాళ్ళ పని :)

ఓరుగల్లు_కోడ్
ముందు ఎర్రర్లను సరిగ్గా చదవాలి. చాలామంది చివరి ఎర్రర్ పట్టుకుని గూగుల్ చేస్తారు. ఎస్‌ఆర్‌సీ-రిజాల్వ్ వరుసలన్నీ పర్యవసానమే, అసలు కారణం మొదట్లో పసుపు రంగులో దాటిపోయిన ఆ వార్నింగ్. అందులో మూడు కారణాలు కలిపి చెప్తుంది చూడండి: ఫైలు దొరకలేదు, దొరికినా చదవలేకపోయాం, లేదా దాని రూట్ ఎలిమెంట్ స్కీమా కాదు. ఈ మూడూ వేర్వేరు రోగాలు, మందులూ వేరు.

మీది మొదటి రకం. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, రిలేటివ్ పాత్‌ను ఏ ఫైలులో రాశారో ఆ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కేస్తుంది. మీరు కమాండ్ నడిపే ఫోల్డర్‌తో దానికి సంబంధం లేదు. కామన్‌టైప్స్ లోపల మళ్ళీ ఇంకో ఇంపోర్ట్ ఉంటే దాన్ని కామన్‌టైప్స్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కేస్తుంది. "../../" అని ఉందంటే వాళ్ళ దగ్గర ఆ డబ్ల్యూఎస్‌డీఎల్ రెండు ఫోల్డర్ల లోతులో ఉండేదని అర్థం. మీరు కూడా అదే లోతులో పెట్టండి. ఉదాహరణకు సర్వీసెస్ అనే ఫోల్డర్, దాని లోపల పాలసీ అనే ఫోల్డర్, అందులో డబ్ల్యూఎస్‌డీఎల్. సర్వీసెస్ పక్కనే కామన్ ఫోల్డర్, లోపల వీ3. అప్పుడు దేన్నీ ముట్టుకోకుండానే దారి దొరుకుతుంది.

అమీర్‌పేట్_జావా
లోతు సంగతి సరే, అసలు ఫైళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్ళు ఇవ్వందే కుదరదు కదా.

డల్లాస్_తెలుగు
యూఏటీ మెషీన్ నుంచి వీపీఎన్ ఉందన్నారుగా, అక్కడికెళ్ళి కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి ఫైళ్ళు దింపే టూల్) లాగండి. సర్వీసు అడ్రస్ చివర "?డబ్ల్యూఎస్‌డీఎల్" పెట్టి తెచ్చుకుంటే, ఆ లైవ్ కాపీలో ప్రతి స్కీమాకూ "?ఎక్స్‌ఎస్‌డీ=1", "?ఎక్స్‌ఎస్‌డీ=2" అని అడ్రస్‌లు ఉంటాయి. ఒక్కొక్కటీ దింపండి. దింపినదాన్ని తెరిచి లోపల ఇంకా ఇంపోర్ట్‌లు, ఇంక్లూడ్‌లు ఉన్నాయేమో చూడండి, కొత్తవేవీ కనపడనంత వరకు ఇదే పని. సేవ్ చేసేటప్పుడు పేరు మార్చాలి, విండోస్ ఫైలు పేరులో ప్రశ్న గుర్తు పెట్టనివ్వదు.

చేత్తో చేయడం విసుగైతే ఆ మెషీన్‌లో సోప్‌యూఐ (ఇలాంటి సర్వీసులను పరీక్షించే టూల్) పెట్టి డబ్ల్యూఎస్‌డీఎల్ లోడ్ చేసి, ఇంటర్‌ఫేస్ మీద రైట్ క్లిక్‌లో ఎక్స్‌పోర్ట్ డెఫినిషన్ కొట్టండి. ఇంపోర్ట్ అయిన ఫైళ్ళన్నిటినీ కలిపి ఒక ఫోల్డర్‌లో పడేస్తుంది.

అవతల వాళ్ళది డబ్ల్యూసీఎఫ్ (డాట్‌నెట్‌లో రాసిన సర్వీసు) అయితే ఇంకా తేలిక. డాట్‌నెట్ 4.5 నుంచి "?సింగిల్‌డబ్ల్యూఎస్‌డీఎల్" అని అడిగితే స్కీమాలన్నీ ఒకే ఫైలులో ఇచ్చేస్తుంది.

బీమా_బ్యాకెండ్
డబ్ల్యూసీఎఫ్ కాదు, వాళ్ళది కూడా జావానే. కర్ల్ చేశాను. "?ఎక్స్‌ఎస్‌డీ=1" వచ్చింది. రెండోది లోపలి సర్వర్ పేరుతో ఉంది కదా, అది యూఏటీ నుంచి కూడా దొరకట్లేదు, హోస్ట్ పేరే తెలియదంటోంది.

జెంకిన్స్_జగ్గు
లోడ్ బ్యాలెన్సర్ వెనకాల ఉన్న సర్వర్ తన సొంత పేరునే డబ్ల్యూఎస్‌డీఎల్‌లో రాసేసింది. తరచూ కనిపించేదే. అడ్రస్‌లో హోస్ట్, పోర్టు తీసేసి మీరు మామూలుగా సర్వీసును పిలిచే బయటి హోస్ట్ పేరు పెట్టి, మిగతా పాత్ అలాగే ఉంచి కొట్టి చూడండి.

బీమా_బ్యాకెండ్
జగ్గు గారూ వచ్చింది! దాని లోపల ఇంకో రెండు ఉన్నాయి, అవి కూడా దింపాను. కానీ వాటిలో ఒకదానికి మాత్రం ఇంకా "రూట్ ఎలిమెంట్ స్కీమా కాదు" అన్న వార్నింగ్ ఆగట్లేదు. ఫైలు ఉంది, సైజు కూడా బాగానే ఉంది.

పాతకాపు
నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. హెచ్‌టీఎమ్‌ఎల్ అని ఉంటే మీరు దింపింది స్కీమా కాదు, లాగిన్ పేజీ.

బీమా_బ్యాకెండ్
నిజమే సార్, "సెషన్ ఎక్స్‌పైర్డ్, ప్లీజ్ సైన్ ఇన్" అని ఉంది, కింద వాళ్ళ లోగో కూడా. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి మళ్ళీ లాగుతాను.

అమీర్‌పేట్_జావా
ఇలాంటప్పుడు కర్ల్ "200 ఓకే" అనే చెప్తుంది, అందుకే ఎవరూ అనుమానించరు. దింపిన ప్రతి ఫైలుకూ మొదటి రెండు వరుసలు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

సోప్_సుబ్బు
ఫైళ్ళన్నీ వచ్చాక మాత్రం ఎక్కువ ఆలోచించొద్దు బ్రో. అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, డబ్ల్యూఎస్‌డీఎల్‌లో, ఎక్స్‌ఎస్‌డీల్లో స్కీమాలొకేషన్‌లు ఉత్త ఫైలు పేర్లుగా మార్చేయ్. గిట్‌లో కమిట్ చెయ్. ఇక వీపీఎన్ లేకపోయినా బిల్డ్ అవుతుంది.

ఓరుగల్లు_కోడ్
సుబ్బు గారూ, దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అవతలి వాళ్ళు ఇచ్చిన ఫైలును మనం మారిస్తే, రేపు వాళ్ళు కొత్త వెర్షన్ పంపినప్పుడు రెండిటినీ పోల్చి చూస్తే ఏది వాళ్ళ మార్పో ఏది మన మార్పో తెలియదు. ఎవరో ఒకరు కొత్త ఫైలు పాతదాని మీద పేస్ట్ చేస్తారు, మన మార్పులు పోతాయి, బిల్డ్ మళ్ళీ పడుతుంది. అప్పటికి మనం వేరే ప్రాజెక్టులో ఉంటాం.

ఇందుకోసమే ఎక్స్‌ఎమ్‌ఎల్ క్యాటలాగ్ ఉంది, ఓయాసిస్ అనే సంస్థ ఇచ్చిన ప్రమాణం అది. "ఫలానా అడ్రస్ అడిగితే ఫలానా లోకల్ ఫైలు ఇవ్వు" అని ఒక చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాస్తాం. సిస్టమ్ అనే ఎలిమెంట్‌లో సిస్టమ్‌ఐడీకి అసలు అడ్రస్, యూఆర్‌ఐకి మన ఫైలు. ఒకే హోస్ట్ నుంచి చాలా ఫైళ్ళుంటే ఒక్కొక్కటీ రాయక్కర్లేదు, రీరైట్‌సిస్టమ్ అనే ఎలిమెంట్‌తో అడ్రస్ ముందు భాగాన్ని మొత్తంగా మార్చొచ్చు. డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్‌కు "-క్యాటలాగ్" అని ఆ ఫైలు ఇస్తే సరి. సీఎక్స్‌ఎఫ్ (ఇంకో జావా వెబ్ సర్వీస్ లైబ్రరీ) వాళ్ళ డబ్ల్యూఎస్‌డీఎల్2జావాకు కూడా అదే పేరుతో ఆప్షన్ ఉంది. వాళ్ళ ఫైళ్ళు వాళ్ళు ఇచ్చినట్టే ఉంటాయి, మన సర్దుబాట్లన్నీ ఒక్క చోట కనిపిస్తాయి.

సోప్_సుబ్బు
మాట బాగానే ఉంది, ఆచరణలో క్యాటలాగ్ ఎందుకు పట్టలేదో కనుక్కోవడానికే పొద్దంతా పోతుంది. రిలేటివ్ పాత్‌ను క్యాటలాగ్‌లో రాస్తే మ్యాచ్ అవ్వదు, ఎందుకంటే క్యాటలాగ్ దాకా వచ్చేసరికే టూల్ దాన్ని పూర్తి పాత్‌గా మార్చేసి ఉంటుంది. "కామన్‌టైప్స్.ఎక్స్‌ఎస్‌డీ" అని రాసుకుని కూర్చున్నవాళ్ళను ఎంతమందిని చూశానో. కొత్తగా చేరిన పిల్లలకు క్యాటలాగ్ అంటే ఏమిటో కూడా తెలియదు, స్కీమాలొకేషన్ అయితే ఫైలు తెరిస్తే కనిపిస్తుంది.

ఓరుగల్లు_కోడ్
రిలేటివ్ పాత్‌ల విషయంలో మీరన్నది నిజం. అందుకే వాటికి ఫోల్డర్ల అమరిక, హెచ్‌టీటీపీ అడ్రస్‌లకు క్యాటలాగ్. రెండూ కలిపి వాడాలి. అడ్రస్‌ను ప్రశ్న గుర్తు తర్వాతి భాగంతో సహా పొల్లుపోకుండా రాయాలి. మధ్యలో యాంపర్‌శాండ్ ఉంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాయాల్సిన పద్ధతిలోనే రాయాలి, లేదంటే క్యాటలాగ్ ఫైలే చెల్లదు.

నెట్_నాగమణి
డాట్‌నెట్ వాళ్ళ కోసం ఒక మాట, సెర్చ్‌లో ఈ చర్చకు వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. ఎస్‌వీసీయుటిల్‌కు (డాట్‌నెట్‌లో క్లయింట్ కోడ్ తయారుచేసే టూల్) లోకల్ డబ్ల్యూఎస్‌డీఎల్ ఒక్కటే ఇస్తే, పక్కనే ఎక్స్‌ఎస్‌డీలున్నా తనంతట తాను వెతుక్కోదు. "స్కీమా విత్ టార్గెట్ నేమ్‌స్పేస్ … కుడ్ నాట్ బి ఫౌండ్" అంటుంది. కమాండ్‌లోనే డబ్ల్యూఎస్‌డీఎల్‌తో పాటు ఎక్స్‌ఎస్‌డీలన్నీ ఇవ్వాలి, స్టార్ డాట్ ఎక్స్‌ఎస్‌డీ అన్నా తీసుకుంటుంది. సర్వీసు అందుబాటులో ఉంటే ముందు అదే టూల్‌ను మెటాడేటా మోడ్‌లో నడిపితే అన్నీ దింపి పెడుతుంది, ఆ తర్వాత ఆఫ్‌లైన్‌లో జనరేట్ చేసుకోవచ్చు.

బీమా_బ్యాకెండ్
ఫైళ్ళన్నీ వచ్చాయి, ఫోల్డర్లు ఓరుగల్లు గారు చెప్పినట్టే పెట్టాను. ఇప్పుడు కొత్త ఎర్రర్: కామన్‌టైప్స్‌ను చదవలేకపోయాం, "ఫైల్ యాక్సెస్ ఈజ్ నాట్ అలౌడ్ డ్యూ టు రెస్ట్రిక్షన్ సెట్ బై ది యాక్సెస్‌ఎక్స్‌టర్నల్‌స్కీమా ప్రాపర్టీ" అంటోంది. ఫైలు కళ్ళ ముందే ఉంది!

డల్లాస్_తెలుగు
ఫైలు దొరికింది, కానీ చదవడానికి అనుమతి లేదంటోంది. జావా 8లో వచ్చిన కట్టడి ఇది. ఒక స్కీమా బయటి స్కీమాను పిలిస్తే ఏ ప్రోటోకాల్‌తో తేవచ్చో ఈ ప్రాపర్టీ చెప్తుంది. కమాండ్‌లో "-జే-డీ" తగిలించి జావాఎక్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్.యాక్సెస్‌ఎక్స్‌టర్నల్‌స్కీమా విలువ "ఆల్" అని ఇవ్వండి, పోతుంది.

అమీర్‌పేట్_జావా
జేఆర్‌ఈ (జావా ప్రోగ్రాములను నడిపే రన్‌టైమ్) లోపలి లిబ్ ఫోల్డర్‌లో జాక్స్‌పీ.ప్రాపర్టీస్ అని ఫైలు పెట్టి అందులో ఒక్క లైను రాస్తే ఒక్కసారితో అయిపోతుంది.

ఓరుగల్లు_కోడ్
దయచేసి అలా చేయకండి. ఆ ఫైలు ఆ జేఆర్‌ఈ మీద నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ వర్తిస్తుంది. బయటినుంచి వచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ చెప్పిన చోటికల్లా మన సర్వర్ వెళ్ళి ఫైళ్ళు తేకుండా ఉండాలనే ఆ కట్టడి పెట్టారు. బీమా కంపెనీ డేటా ఉన్న మెషీన్‌లో ఆ తలుపు తీసి ఉంచడం తప్పు. కోడ్ జనరేట్ చేసే కమాండ్‌కు మాత్రమే ఇవ్వండి. "ఆల్" కూడా అవసరం లేదు, అన్నీ లోకల్‌లోనే ఉన్నాయి కాబట్టి "ఫైల్" అంటే చాలు.

జెంకిన్స్_జగ్గు
మావెన్ (జావా బిల్డ్ టూల్) నుంచి నడిపేవాళ్ళు మావెన్_ఆప్ట్స్‌లో పెట్టి పనిచేయట్లేదని అంటుంటారు. జాక్స్-డబ్ల్యూఎస్ (జావా వెబ్ సర్వీసుల ప్రమాణం) ప్లగిన్ వేరే జేవీఎమ్ లేపితే మావెన్‌కు ఇచ్చింది దానికి అందదు. ప్లగిన్ కాన్ఫిగరేషన్‌లో వీఎమ్‌ఆర్గ్స్ అని ఉంటుంది, అక్కడ పెట్టండి.

ఇంకోటి. లాప్‌టాప్‌లో బిల్డ్ అయి జెంకిన్స్‌లో (బిల్డ్ సర్వర్‌లో) ఫెయిలైతే ముందు ఫైలు పేర్ల స్పెల్లింగ్ చూడండి. ఇంపోర్ట్‌లో అన్నీ చిన్న అక్షరాలు, డిస్క్ మీద సీ, టీ పెద్ద అక్షరాలు. విండోస్ పట్టించుకోదు, లైనక్స్ మాత్రం ఫైలే లేదంటుంది.

బీమా_బ్యాకెండ్
"ఫైల్" అని పెట్టాను, క్లాసులన్నీ జనరేట్ అయ్యాయి! హెచ్‌టీటీపీ అడ్రస్‌కు క్యాటలాగ్ కూడా రాశాను. అందరికీ చాలా థాంక్స్.

పాతకాపు
ఆగండి, పని ఇంకా ఉంది. జనరేట్ అయిన సర్వీస్ క్లాసు తెరిచి చూడండి. డబ్ల్యూఎస్‌డీఎల్ లొకేషన్ అని మీ లాప్‌టాప్‌లోని సీ డ్రైవ్ పాత్ ఉంటుంది. సర్వర్‌కు తీసుకెళ్ళాక ఆ పాత్ ఉండదు.

డబ్ల్యూఎస్‌డీఎల్, ఎక్స్‌ఎస్‌డీలు అన్నిటినీ అదే ఫోల్డర్ల అమరికతో జార్‌లో పెట్టి, సర్వీసు ఆబ్జెక్టు తయారుచేసేటప్పుడు కన్‌స్ట్రక్టర్‌కు గెట్‌రిసోర్స్‌తో ఆ యూఆర్‌ఎల్ ఇవ్వండి. రన్‌టైమ్‌లో కూడా క్యాటలాగ్ కావాలంటే మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో జాక్స్-డబ్ల్యూఎస్-క్యాటలాగ్.ఎక్స్‌ఎమ్‌ఎల్ అన్న పేరుతో పెడితే జాక్స్-డబ్ల్యూఎస్ తనే చదువుకుంటుంది. బిల్డ్ క్యాటలాగ్ రన్‌టైమ్‌కు తెలియదు, అది వేరు ఇది వేరు.

బీమా_బ్యాకెండ్
అవును సార్, నా యూజర్ ఫోల్డర్ పాత్ మొత్తం అందులో ఉంది. ఇది డెమో రోజు సర్వర్ మీద బయటపడి ఉండేది. ఇప్పుడే మారుస్తాను.

కృష్ణాతీరం
ఇదే చోట నా ప్రశ్న కూడా. మా స్కీమాలో ఎక్స్‌ఎమ్‌ఎల్:లాంగ్ అట్రిబ్యూట్ వాడారు, దానికోసం డబ్ల్యూ3సీ సైటులోని ఎక్స్‌ఎమ్‌ఎల్.ఎక్స్‌ఎస్‌డీని ఇంపోర్ట్ చేశారు. బిల్డ్ ఒక్కోసారి అక్కడ నిమిషాల తరబడి ఆగిపోతుంది, ఒక్కోసారి 503తో పడిపోతుంది. మన ఫైర్‌వాల్ సమస్యా?

డల్లాస్_తెలుగు
ఫైర్‌వాల్ కూడా కావచ్చు, కానీ డబ్ల్యూ3సీ కావాలనే అలా చేస్తుంది. ప్రపంచంలోని బిల్డ్‌లన్నీ అవే ఫైళ్ళను మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే వాళ్ళ సర్వర్లు తట్టుకోలేక, 2008లోనే బ్లాగులో మొరపెట్టుకున్నారు. డీటీడీలు, స్కీమాల కోసం రోజుకు 13 కోట్ల దాకా రిక్వెస్టులు వస్తున్నాయని అందులో రాశారు. ఎన్నో ఏళ్ళుగా మారని ఫైలును ప్రతి బిల్డ్‌కూ కొత్తగా తెప్పించుకోవడం మనకూ మంచిది కాదు, ఉచితంగా నడిపేవాళ్ళకూ మంచిది కాదు. ఒకసారి దింపి రిపోలో పెట్టి, క్యాటలాగ్‌లో ఒక లైను రాయండి.

హెచ్‌టీటీపీ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌కు రీడైరెక్ట్ అయినా ఇలాంటి తంటానే. జావాలోని హెచ్‌టీటీపీయూఆర్‌ఎల్‌కనెక్షన్ ఒక ప్రోటోకాల్ నుంచి ఇంకోదానికి రీడైరెక్ట్‌ను తనంతట తాను అనుసరించదు. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, టూల్‌కు మాత్రం స్కీమా బదులు రీడైరెక్ట్ పేజీ వస్తుంది.

కృష్ణాతీరం
లోకల్‌లో పెట్టి క్యాటలాగ్ రాశాను, ఆగడం పోయింది. కానీ ఇప్పుడు "ఆల్రెడీ డిఫైన్డ్" అని ఎర్రర్.

ఓరుగల్లు_కోడ్
అదే స్కీమా రెండు దారుల్లో వస్తోంది. ఒక ఫైలు దాన్ని పూర్తి అడ్రస్‌తో, ఇంకోటి రిలేటివ్‌గానో "డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ" లేకుండానో పిలుస్తూ ఉండాలి. టూల్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్ళు, ఒకే పేర్లు రెండుసార్లు కనిపిస్తున్నాయి. అన్ని ఫైళ్ళలో స్కీమాలొకేషన్‌లు గ్రెప్ చేసి, ఆ స్కీమాకు ఎన్ని రకాల అడ్రస్‌లున్నాయో అన్నిటినీ క్యాటలాగ్‌లో ఒకే లోకల్ ఫైలుకు కట్టండి.

సోప్_సుబ్బు
కృష్ణాతీరం గారిది చూశాక క్యాటలాగ్ విలువ కొంత ఒప్పుకుంటున్నా. నాలుగు ఎక్స్‌ఎస్‌డీల చిన్న సర్వీసుకు మాత్రం ఇప్పటికీ నా పద్ధతే త్వరగా అవుతుంది.

అమీర్‌పేట్_జావా
జావా 11కి వెళ్ళేవాళ్ళు డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ కమాండ్ కనపడట్లేదని కంగారు పడొద్దు. 11 నుంచి జేడీకేలో లేదు, మావెన్ ప్లగిన్‌తో తెచ్చుకోవాలి. వెర్షన్ చూసి తీసుకోండి, 2.3 వరకు జావాఎక్స్ ప్యాకేజీలు, 3 నుంచి జకార్తా ప్యాకేజీలు. మీ సర్వర్ ఏది అడుగుతుందో అదే వాడాలి.

పైథాన్_ప్రియ
జీప్ (ఇలాంటి సర్వీసులను పిలిచే పైథాన్ లైబ్రరీ) వాడేవాళ్ళకు క్యాటలాగ్ లాంటిదేమైనా ఉందా? మాకూ ఇదే కథ, లోపలి హోస్ట్ పేరుతో ఎక్స్‌ఎస్‌డీలు.

జెంకిన్స్_జగ్గు
జీప్‌లో ట్రాన్స్‌పోర్ట్ క్లాసు ఉంది కదా, దాన్ని ఎక్స్‌టెండ్ చేసి లోడ్ మెథడ్‌ను తిరగరాయండి. ఏ అడ్రస్ కావాలో దానికి వస్తుంది. ఆ లోపలి హోస్ట్‌తో మొదలైతే మీ ఫోల్డర్‌లోని ఫైలు చదివి బైట్లు ఇవ్వండి, లేకపోతే పాత లోడ్‌నే పిలవండి. ఆ ట్రాన్స్‌పోర్ట్‌ను క్లయింట్‌కు ఇస్తే సరిపోతుంది.

పైథాన్_ప్రియ
చేసి చూశాను, క్లయింట్ లేచింది. కమాండ్ లైన్ నుంచి జీప్‌కు డబ్ల్యూఎస్‌డీఎల్ ఇస్తే టైపుల జాబితా చూపిస్తుంది కదా, అది మాత్రం ఇప్పటికీ ఆ హోస్ట్ దగ్గరే ఆగిపోతోంది.

జెంకిన్స్_జగ్గు
కమాండ్ లైన్‌కు మీ ట్రాన్స్‌పోర్ట్ సంగతి తెలియదు. స్క్రిప్ట్‌లోనే క్లయింట్ తయారుచేశాక దాని డబ్ల్యూఎస్‌డీఎల్ ఆబ్జెక్ట్ మీద డంప్ పిలవండి, అదే జాబితా వస్తుంది.